కదిరిదేవరపల్లి స్లీపరు, కంబదూరు స్లాబు

అనంతపురం జిల్లా కంబదూరు చుట్టుపక్కల గట్టి కాంక్రీటు చూపించమంటే ఎవరైనా ఓవర్‌హెడ్ ట్యాంకునో, కొత్తగా లేచిన రెండంతస్తుల మిద్దెనో చూపిస్తారు. నేనైతే కదిరిదేవరపల్లి స్టేషన్‌కు తీసుకెళ్తాను. రాయదుర్గం నుంచి తుమకూరుకు తలపెట్టిన రైలుమార్గంలో మన వైపు పట్టాలు కళ్యాణదుర్గం మీదుగా 63 కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరాయి. ఆ పట్టాల కింద వరసగా పరిచిన బూడిదరంగు దిమ్మెలే స్లీపర్లు. ఒక్కోటి 2.75 మీటర్ల పొడవు, 270 కిలోల దాపు బరువు. దాని కాంక్రీటుకు రైల్వే పెట్టిన కనీస బలం 55 మెగాపాస్కళ్లు, అంటే ఎం55.

అదే కంబదూరు మండలంలో ఇళ్లకు వేసే స్లాబుకు, కాంక్రీటు పనుల దేశ ప్రమాణమైన ఐఎస్ 456 అడిగే కనీస బలం 20 మెగాపాస్కళ్లు, ఎం20. ఆ కనీసమైనా చేరిందా అని పరీక్షించి చూసిన ఇళ్లు చాలా అరుదు. రెండింటిలోనూ ఉన్నది సిమెంటు, కంకర, ఇసుక, నీళ్లు, ఉక్కు. ఇన్ని పోలికలున్న ఈ రెండు వస్తువులు పనిలో ఎందుకంత దూరం జరిగాయో తెలుసుకోవాలంటే వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. మన పల్లెల్లో స్లాబు మీదున్న నమ్మకం చాలా పెద్దది. మట్టిమిద్దె దించి స్లాబు వేసుకోవడం ఒక తరం కష్టానికి గుర్తు. అంత నమ్మకం పెట్టుకున్న పనికి అంత పరీక్షా ఉండాలని నా వాదన.

ముందు అంకెల సంగతి. ఎం అక్షరం పక్కన ఉండే అంకె, 150 మిల్లీమీటర్ల ఘనపు దిమ్మె (క్యూబు) 28 రోజుల వయసులో చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటుందో చెబుతుంది. లెక్క కడితే, ఎం20 దిమ్మె పగలడానికి ముందు 46 టన్నుల దాకా మోయాలి. ఎం55 దిమ్మె 126 టన్నులు మోయాలి. రెండూ రెండు అరచేతుల్లో పట్టే దిమ్మెలే. ఐఎస్ 456 ప్రమాణపు 2000 నాటి కూర్పు, ఎం60 నుంచి ఎం80 వరకు ఉన్న రకాలను హైస్ట్రెంగ్త్ కాంక్రీటు అంది. తర్వాతి సవరణలో ఆ గీత ఎం65కు జరిగి, పైన ఎం100 దాకా సాగింది. కాబట్టి కాగితం ప్రకారం మన స్లీపరు ఆ వర్గం గడప దగ్గర ఆగింది. పద్ధతి ప్రకారం మాత్రం అది పూర్తిగా ఆ ఇంటిదే. తక్కువ నీళ్లు, తూకం వేసిన సరుకు, బాగా దట్టించడం, వదలకుండా తడిలో ఉంచడం, పనికి రానిదాన్ని పక్కకు తీసేయడం, అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

1918లో అమెరికాలోని షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు వేల దిమ్మెలు పగలగొట్టి ఒక సంగతి తేల్చాడు. కాంక్రీటు బలం ప్రధానంగా సిమెంటుకూ నీటికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. కారణం తేలికే. 50 కిలోల బస్తా సిమెంటు రసాయనికంగా తనలో కలుపుకునే నీరు 11, 12 లీటర్లు. బిగుసుకునే గుజ్జులో ఇరుక్కుపోయేది కూడా కలుపుకుంటే 20 లీటర్ల చిల్లర. అంతకు మించి పోసిన ప్రతి లీటరూ ఎండిపోయి, తానున్న చోట సన్నటి ఖాళీ వదిలిపోతుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి దారులవుతాయి. బరువు పడినప్పుడు పగులు ఆ దారినే పోతుంది. వాన పడినప్పుడు తేమ ఆ దారినే కడ్డీ దాకా దిగుతుంది.

నిష్పత్తులు ముందే నిర్ణయించిన ఎం20 నామినల్ మిశ్రమానికి ఐఎస్ 456 బస్తాకు గరిష్ఠంగా 30 లీటర్లు ఇచ్చింది. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ 30లోనే లెక్క. హైస్ట్రెంగ్త్ కాంక్రీటులో నీటి నిష్పత్తి 0.3 దగ్గర ఉంటుంది, అంటే బస్తాకు 15 లీటర్లు. స్లీపరులో కూడా 0.4 దాటనివ్వరు. మరి మన ఊళ్లో స్లాబు వేసే రోజు ఏం జరుగుతుంది? కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతుంటుంది. పక్కన నీళ్ల డ్రమ్ము, అందులో ఒక బకెట్. బకెట్‌కు గీత ఉండదు. బాండ్లీలు అందుకునే ఆడవాళ్లు, పైన గుజ్జు సర్దే మనిషి, కింద కంకర వేసే మనిషి, అందరికీ పని జారుగా సాగాలి. పొద్దు ఎక్కేకొద్దీ గుజ్జు చిక్కబడుతుంది. పైనుంచి కేక వినపడుతుంది: "ఇంగ రోంత నీళ్లు పొయ్యప్పా!" పోస్తారు. 30 కాస్తా 40 అయితే బలంలో మూడో వంతు దాకా పోతుంది. పోయింది ఎవరికీ కనపడదు. స్లాబు చదునుగా, నున్నగా వచ్చింది కాబట్టి ఆ సాయంత్రం అందరూ సంతోషంగానే భోజనాలు చేస్తారు.

మేస్త్రీని తిట్టి ఊరుకుంటే విమర్శ సగంలో ఆగిపోతుంది. వైబ్రేటరు లేని చోట, ఉన్నా సరిగ్గా పని చేయని చోట, గుజ్జు కడ్డీల సందుల్లోకి దిగాలంటే నీళ్లు తప్ప అతని చేతిలో వేరే సాధనం లేదు. స్లీపరు తయారీదారుకు ఉంది. ఇనప అచ్చు మొత్తాన్ని గడగడలాడించే యంత్రం ఉంది, దాంతోపాటు ప్లాస్టిసైజర్ ఉంది. సిమెంటు రేణువులు నీళ్లలో పడగానే ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి, ఆ ముద్దల మధ్య నీళ్లు చిక్కుకుంటాయి. 1960ల్లో జపాన్, జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిన సూపర్ ప్లాస్టిసైజర్లు ఆ ముద్దలను విడగొట్టి, చిక్కుకున్న నీటిని బయటికి వదిలిస్తాయి. బాగా తక్కువ నీళ్లతోనే గుజ్జు జారుతుంది. హైస్ట్రెంగ్త్ కాంక్రీటు పుట్టుకకు ఇంతకంటే పెద్ద మలుపు మరొకటి లేదని నేననుకుంటాను. సిలికా ఫ్యూమ్ రెండోది. సిమెంటు రేణువు కంటే వంద రెట్లు చిన్నదైన ఆ పొడి, కంకర చుట్టూ ఉండే బలహీనమైన పొరలోకి దూరి, అక్కడ మిగిలిపోయిన సున్నాన్ని బిగిసే పదార్థంగా మారుస్తుంది.

ఈ రెండూ కలిశాక ప్రపంచంలో ఎత్తైన భవనాల లెక్క మారిపోయింది. షికాగోలో 1975 నాటి వాటర్ టవర్ ప్లేస్‌లో 62 మెగాపాస్కళ్ల కాంక్రీటు వాడితే గొప్పగా చెప్పుకున్నారు. 1989లో సియాటిల్‌లోని టూ యూనియన్ స్క్వేర్‌లో 131 దాకా వెళ్లారు. కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట భవనాల్లో 80. ముంబయిలో జేజే ఆస్పత్రి ఫ్లైఓవర్‌కు ఎం75 వాడారు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని కైగాలో, అణు విద్యుత్ కేంద్రం గుమ్మటం 1994 మే 13న నిర్మాణంలో ఉండగానే పొర ఊడి కూలింది. డిజైన్ మార్చి, మళ్లీ కట్టేటప్పుడు ఎం60 కాంక్రీటు వాడారు. కానీ కైగా నుంచి నేర్చుకోవాల్సింది ఆ అంకెను కాదు. కూలడానికి కారణం వెతికి, డిజైన్ మార్చి, మిశ్రమాన్ని ముందే నమూనాగా పోసి చూసి, ఆ తర్వాతే కట్టారు. బలం ఆ క్రమంలో వచ్చింది.

మళ్లీ మన రెండు వస్తువుల దగ్గరికి వస్తే, వాటి మధ్య నాకు అన్నిటికంటే ఆసక్తిగా కనపడే తేడా ఉక్కును వాడుకునే తీరులో ఉంది. కాంక్రీటు రాతి జాతిది. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే తెగిపోతుంది. లాగుడులో దాని బలం నొక్కుడు బలంలో పదో వంతు ఉంటుందేమో. ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. హేమావతిని రాజధానిగా చేసుకున్న నొళంబుల శిల్పులకు వెయ్యేళ్ల కిందటే తెలుసు. వాళ్లు చెక్కిన నల్లరాతి స్తంభాలకు ఉన్న నొక్కుడు బలం మన ఎం80 కాంక్రీటు కంటే చాలా ఎక్కువ. అయినా స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం చిన్నదిగానే ఉంచారు. పైన పరిచిన రాతి దూలం మధ్యలో వంగి, కింది అంచున చీలిపోతుందని వాళ్లకు తెలుసు. బలహీనతను ఒప్పుకుని దానికి లోబడి కట్టడం వాళ్ల పద్ధతి. అనంతపురం జిల్లాలో ఆ పద్ధతి మొన్నటిదాకా బండల మిద్దెల్లో బతికే ఉంది.

స్లాబు మరో దారి పట్టింది. కింది అంచున ఎక్కడ చీలుతుందో అక్కడే కడ్డీ పెట్టింది. కాంక్రీటు సన్నగా పగిలినా ఫరవాలేదు, లాగుడును కడ్డీ మోస్తుంది. కాబట్టి స్లాబు భద్రత పెద్ద భాగం కడ్డీ ఉన్న చోటు మీద ఆధారపడుతుంది. కడ్డీని రేకుకు ఎడంగా ఉంచే కవర్ బిల్లలు జారిపోయి కడ్డీ సెంట్రింగ్ రేకును అంటుకుందంటే, కొన్నేళ్లకు సీలింగ్‌లో ఎర్రటి చారలు, ఆపైన పెచ్చులు. పనివాళ్లు పైనున్న కడ్డీల మీద నడిచి కిందికి అణగదొక్కారంటే, గోడ మీదుగా బయటికి వచ్చిన సజ్జా బలం పోయినట్లే. ఇవి సిమెంటు గ్రేడుతో తీరే జబ్బులు కావు.

స్లీపరుది మూడో దారి. మూడేసి మిల్లీమీటర్ల మందం గల తీగలు మూడు చొప్పున పేనిన 18 ఉక్కు పోగులను అచ్చులో ముందే బలంగా లాగి పట్టి ఉంచుతారు. చుట్టూ కాంక్రీటు పోస్తారు. కొన్ని గంటలు ఆవిరిలో ఉంచి, క్యూబులు 40 మెగాపాస్కళ్లు చూపించాకే పోగులను వదులుతారు. వదలగానే అవి కురచ కావాలని చూస్తాయి, కాంక్రీటు పట్టుకుని ఉంటుంది కాబట్టి దాన్ని నొక్కేస్తాయి. రైలు వచ్చి వంచే లోపే దిమ్మె లోపల నొక్కుడు సిద్ధంగా ఉంటుంది. చక్రం వంచినప్పుడు ముందు ఆ నొక్కుడు తీరాలి, ఆ తర్వాతే లాగుడు మొదలవుతుంది. రాయి తన బలహీనతకు లోబడింది, స్లాబు దానికి కాపలా పెట్టింది, స్లీపరు దాన్ని ముందే తీర్చేసింది. ఇక్కడ హైస్ట్రెంగ్త్ కాంక్రీటు అలంకారం కాదు, అవసరం. అంత లాగుడును పట్టి ఉంచడానికి, ఆ నొక్కుడును నలిగిపోకుండా భరించడానికి ఎం20 చాలదు.

ఇది గుర్తుంటే ఒక తప్పుడు ఆశ కూడా తొలగుతుంది. పట్నంలో అపార్ట్‌మెంట్లకు ఎం60 వాడుతున్నారట, మన ఇంటికీ వేయిద్దామా అని అడిగేవాళ్లు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు. వద్దనే చెబుతాను. మామూలు ఇంటి స్లాబు వంపును మోసేది ప్రధానంగా కడ్డీ. కాంక్రీటు బలం మూడింతలు చేసినా స్లాబు మోసే బరువు కొద్దిగానే పెరుగుతుంది. వంగకుండా బిగువుగా ఉండటమైనా మూడింతలు కాదు, ప్రమాణం ఇచ్చిన సూత్రం ప్రకారం వర్గమూలం లెక్కన 1.73 రెట్లే. ఖర్చు మాత్రం గట్టిగా పెరుగుతుంది. హైస్ట్రెంగ్త్ మిశ్రమంలో సిమెంటు ఎక్కువ కాబట్టి పుట్టే వేడీ ఎక్కువ. నీళ్లు తక్కువ కాబట్టి లోపలి తేమను తానే తాగేసి, ఎండ తగలకపోయినా కుంచించుకుపోతుంది. ఆ తొలి రోజుల్లో తడి అందకపోతే పగుళ్లు ఎం20 కంటే తొందరగా వస్తాయి. మంటల్లో దట్టమైన కాంక్రీటు పెచ్చులు పేలినట్టు ఊడుతుంది. 1996 నవంబరులో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింది సొరంగంలో రైలు తగలబడినప్పుడు, గట్టి కాంక్రీటు లైనింగు చాలా దూరం అలాగే ఊడిపోయింది. ఎత్తైన భవనపు కింది స్తంభాలకు, వంతెనలకు, స్లీపర్లకు అది సరైన సరుకు. నాలుగు గదుల ఇంటి స్లాబుకు ఎం20, చేతనైతే ఎం25. అంతే చాలు.

స్లీపరుకూ లోపాలు లేకపోలేదు. ఆవిరితో తొందరపెట్టి బలం తెప్పించడంలో ప్రమాదం ఉంది. వేడి 70 డిగ్రీలు బాగా దాటితే, సిమెంటులో ఒక రసాయనం అప్పటికి ఏర్పడకుండా ఆగి, ఏళ్ల తర్వాత తేమ తగిలినప్పుడు ఏర్పడి ఉబ్బుతుంది. గట్టిపడిన దిమ్మె లోపలి నుంచి చీలుతుంది. ఫిన్లాండులో 1980ల్లో స్లీపర్లు ఇలా పాడయ్యాయి. 28 రోజుల క్యూబు పరీక్ష ఈ జబ్బును పట్టుకోలేదు. బలం ఒక్కటే చూసి నాణ్యత తేల్చేవాళ్లకు ఇది మంచి హెచ్చరిక. పైగా స్లీపరు విరిగితే తీసి పారేయాల్సిందే. స్లాబును మాత్రం బాగుచేసుకోవచ్చు, పైన ఇంకో గది వేసుకోవచ్చు, పిల్లల పెళ్లి పందిరికి గూటాలు దింపుకోవచ్చు. కూలినాలి చేసుకునే కుటుంబం తన ఊరి మనుషులతో, దొరికే సరుకుతో, ఒక్క పగలులో నిలబెట్టుకోగలిగిన కప్పు ఇది ఒక్కటే. ఈ సుగుణాన్ని తక్కువ చేసే విమర్శతో నాకు పొత్తు లేదు.

సరుకు విషయంలో మన జిల్లాకు లోటు లేదు. సిమెంటు తాడిపత్రిలోనే తయారవుతుంది. హైస్ట్రెంగ్త్ మిశ్రమాల్లో వాడే స్లాగు పొడి బళ్లారి పక్కన తోరణగల్లు ఉక్కు కర్మాగారం వైపు నుంచి వస్తుంది. ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో పుడుతుంది. కంకర సంగతి చెప్పనక్కర్లేదు. చాలా గట్టి కాంక్రీటులో పగులు కంకర చుట్టూ తిరగకుండా కంకరను చీల్చుకుంటూ పోతుంది, కాబట్టి అక్కడ రాయి సత్తా తేలుతుంది. మన గ్రానైటుకు, నల్లరాతికి ఆ సత్తా ఉంది. అంటే ఎం80కి కావలసిన ప్రధాన సరుకంతా చుట్టూ ఉన్న నేల మీద, ఎం20 కూడా నిలకడగా రావడం లేదు. ఈ వైరుధ్యం నన్ను బాధపెడుతుంది.

మనుషుల నేర్పులోనూ లోటు లేదు. కరువు ఏడు వస్తే కంబదూరు, కుందుర్పి, కళ్యాణదుర్గం పల్లెల నుంచి కుటుంబాలు బెంగళూరు కట్టడాలకు వలసపోతాయి. అక్కడ పంపుల్లో వచ్చే కాంక్రీటు దట్టించేది, దానికి గోనెపట్టాలు కప్పి తడిపేది ఈ చేతులే. అక్కడ లారీ దిగగానే గుజ్జు జారుడు కొలుస్తారు, క్యూబులు పోస్తారు, నీళ్లు పోయబోతే అడ్డుకుంటారు. అదే మనిషి ఊరికొచ్చి సొంతిల్లు కట్టుకున్నప్పుడు ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు. అడ్డుకునేవాడు లేడు. స్లీపరుకూ స్లాబుకూ మధ్య అసలు గీత నా దృష్టిలో ఇక్కడ ఉంది. స్లీపరు ఫ్యాక్టరీలో దిమ్మెలను తిరగ్గొట్టే అధికారం ఉన్న మనిషి ఉన్నాడు. క్యూబు పగలగొట్టి చూస్తాడు, కొన్ని స్లీపర్లను తీసి వంచి చూస్తాడు, నచ్చకపోతే ఆ బ్యాచ్ పక్కకు పోతుంది. ఇంటి స్లాబును తిరగ్గొట్టే హక్కు డబ్బు పెట్టిన యజమానికి ఉంది, కానీ దేన్ని చూసి తిరగ్గొట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

అంకెల వెనక ఉన్న ఇంకో తేడా కూడా దీనికి సంబంధించిందే. ఎం20 కావాలంటే 20కి గురిపెట్టకూడదు. వందలో ఐదుకు మించి దిమ్మెలు 20 కంటే తగ్గకూడదన్నది దాని అర్థం. అందుకని సగటు 26.6 వచ్చేలా మిశ్రమం కట్టాలని లెక్క. స్లీపరుకు అదే లెక్కన 63 దాటాలి. అజాగ్రత్త పెరిగేకొద్దీ సగటు ఇంకా పైకి జరపాలి, అంటే సిమెంటు ఇంకా పోయాలి. కొలత తప్పిన పనికి సిమెంటు బస్తాల రూపంలో జరిమానా కట్టాలన్నమాట. మన వైపు "ఒక బస్తా ఎక్కువ వేయండి, గట్టిగా ఉంటుంది" అనడంలో ఈ జరిమానా దాగి ఉంది.

ఇక పోసిన తర్వాతి నీళ్లు. ఇక్కడ మన నేల కథ మొత్తం తలకిందులవుతుంది. సాలుకు 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా ఇది. గుక్కెడు నీళ్లకు లెక్క చూసుకునే మనం మిల్లర్‌లో మాత్రం అక్కర్లేని నీళ్లు ధారపోస్తాం. పోశాక, స్లాబుకు నిజంగా నీళ్లు కావలసిన రోజుల్లో ట్యాంకరు ఖర్చు చూసి వెనక్కి తగ్గుతాం. నీళ్లు లోపల తగ్గాలి, పైన తడపడం ఆగకూడదు. మనం రెండూ తిరగేశాం. స్లీపరు ఆవిరిలోంచి వచ్చాక కూడా రోజుల తరబడి తడిలో ఉంటుంది. స్లాబుకు ఐఎస్ 456 మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, పొడి ఎండల ప్రాంతమైనా, ఫ్లై యాష్ కలిసిన పీపీసీ సిమెంటైనా కనీసం 10 రోజులు నీళ్లు పట్టమంది, వీలైతే 14. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ఎక్కువగా పీపీసీనే. కాబట్టి కంబదూరులో 7 రోజులన్న లెక్కే చెల్లదు.

వేడి కంటే గాలి ఎక్కువ చేటు చేస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే ఆషాఢం గాలే పచ్చి స్లాబు మీది తడిని లాగేస్తుంది. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరైతే పచ్చి కాంక్రీటు పైపొర కుంచించుకుని, ఇంకా బిగియకముందే చీలుతుందని ఇంజనీర్ల అంచనా. వేసిన సాయంత్రమే స్లాబు మీద ఎండిన చెరువు మట్టిలా బీటలు కనపడితే, మేస్త్రీ సిమెంటు పాలు చల్లి పూడుస్తాడు. బీట పైకి మూసుకుంటుంది, లోపల ఉండిపోతుంది. దుబాయిలో బుర్జ్ ఖలీఫా కట్టేటప్పుడు వేసవిలో కాంక్రీటును మంచుముక్కలు కలిపి రాత్రిపూట పోశారు. మనకు మంచుముక్కలు అక్కర్లేదు, వేళ చాలు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తే, వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పితే సగం నష్టం తప్పుతుంది.

నీళ్ల ఖర్చు లెక్క వేసి చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల స్లాబు అంటే 93 చదరపు మీటర్లు. వరిమడికి గట్లు వేసినట్టు స్లాబు మీద మడులు కట్టి 5 సెంటీమీటర్ల నీళ్లు నిలపాలంటే 4,600 లీటర్ల పైచిలుకు, దాదాపు ఒక పెద్ద ట్యాంకరు. ఎండల్లో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా 750 లీటర్లు. పది రోజులకు ఇంకో ట్యాంకరున్నర. స్లాబు మీద పెట్టిన మొత్తంలో ఇది చాలా చిన్న భాగం. ఇంతకూ భరించలేని ఇంటికి మడులే దిక్కని లేదు. తడి గోనెసంచులు పరిచి, పైన పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెడితే ఆవిరి అక్కడే నిలిచిపోతుంది, నీళ్లు బాగా తక్కువ పడతాయి. లోతు బోర్లలోంచి వచ్చే ఉప్పునీళ్ల గురించి ఒక మాట: కడ్డీ ఉన్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నోట పెట్టుకోలేని ఉప్పు నీళ్లు మిల్లర్‌లోకి పోకుండా చూడాలి. అవి ఈ రోజు బలాన్ని తగ్గించకపోవచ్చు, కానీ కడ్డీని తింటాయి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. స్లీపరు గొప్పతనం దాని 55లో లేదు, ఆ 55 వచ్చిందో లేదో తేలే దాకా దాన్ని ఎవరూ నమ్మకపోవడంలో ఉంది. స్లాబు లోపం దాని 20లో లేదు, ఆ 20ని ఎవరూ అడగకపోవడంలో ఉంది. హైస్ట్రెంగ్త్ కాంక్రీటు నుంచి కంబదూరు తెచ్చుకోవలసింది దాని అంకెను కాదు, దాని అలవాట్లను.

ఈ ఏడు స్లాబు వేయబోయే ఇంటివాళ్లకు నా మనవి. డ్రమ్ము దగ్గర గీత పెట్టిన బకెట్ ఉంచండి, బస్తాకు 30 లీటర్లు దాటనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించండి. జారుడు చాలకపోతే నీళ్లకు బదులు ప్లాస్టిసైజర్ డబ్బా అడగండి, వైబ్రేటరు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు ప్రమాణం ప్రకారం రెండు నమూనాలు, అంటే ఆరు క్యూబులు పోయించండి. అనంతపురం జేఎన్‌టీయూ లాంటి ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ ల్యాబుల్లో వాటిని పగలగొట్టే యంత్రాలు ఉంటాయి, ముందే అడిగి పెట్టుకోండి. 28వ రోజు వచ్చే అంకెను మేస్త్రీతో కలిసి చదవండి, ఊళ్లో తర్వాత స్లాబు వేసేవాళ్లకు కూడా చెప్పండి.